స్క్రూ ఆఖర్న తిప్పాలి!

కార్బొరేటర్ బొమ్మ కళ్లు మూసుకుని గీయగలను. బెర్నౌలీ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అయినా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఓ పాత బోటు ఇంజిన్ ముందు ఘోరంగా ఫెయిలయ్యాను. నా వల్ల ముగ్గురు మనుషులు సముద్రం మీద ఆగిపోయారు. ఆ రోజు నేర్చుకున్నది నాలుగేళ్ల మెకానికల్ బీటెక్‌లో నాకెక్కడా దొరకలేదు. కోర్ బ్రాంచ్ చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న ప్రతి ఒక్కరికీ అది పనికొస్తుందనే ఇది రాస్తున్నాను.

ఆ ఒక్క ప్రశ్న

నేను బీటెక్ పాసైన ఏడాది. ఓ కంపెనీ ఇంటర్వ్యూ. రాత పరీక్ష బాగానే రాశాను. టెక్నికల్ రౌండ్‌లో పెద్దాయన ఒకరు తాపీగా అడిగారు. ‘‘ఇంజిన్ స్టార్టవుతోంది. రేస్ ఇస్తే బాగానే లాగుతోంది. స్లో చేస్తే ఆగిపోతోంది. మొదట ఏం చూస్తావ్?’’

‘‘కార్బొరేటర్ అడ్జస్ట్ చేస్తాను సార్’’ అన్నాను టక్కున.

‘‘ఏ స్క్రూ? ఎటువైపు? ఎందుకు?’’

నా దగ్గర జవాబు లేదు. ఆయన నవ్వి, ‘‘నేను ఏం చూస్తావని అడిగాను. నువ్వు ఏం చేస్తావో చెప్పావు’’ అన్నారు. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ మాటలో ఎంత అర్థం ఉందో అప్పుడు నాకు ఎక్కలేదు. ఎక్కడానికి మూడు వారాలు, ఒక బోటు పట్టాయి.

డ్రమ్ములో పాడింది.. సముద్రంలో ఆగింది

మా ఫ్రెండ్ వాళ్ల నాన్నకు చిన్న ఫైబర్ బోటు ఉంది. హార్బర్‌లో కనిపించే పెద్ద మరపడవలన్నీ డీజిల్ ఇంజిన్లవే. చిన్న బోట్లలోనూ డీజిల్‌వి చాలా ఉంటాయి. వాటికి అసలు కార్బొరేటరే ఉండదు. బాబాయ్ బోటుకు మాత్రం వెనకాల తగిలించే పాత టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్ ఉండేది. దీన్నే అవుట్‌బోర్డ్ మోటార్ అంటారు. అది సరిగ్గా నన్ను ఇంటర్వ్యూలో అడిగిన జబ్బుతోనే బాధపడుతోంది. రేస్ ఇస్తే పరుగు, స్లో చేస్తే ఆగిపోవడం.

‘‘ఇంజినీరింగ్ సదివేవు గదా బాబూ, ఓపాలి సూడు’’ అన్నాడు బాబాయ్.

ఇంజిన్‌ను నీళ్ల డ్రమ్ములో దించి స్టార్ట్ చేశాం. యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. కార్బొరేటర్‌కు రెండు స్క్రూలు కనిపించాయి. ఒకటి తిప్పితే శబ్దం మారింది. రెండోది తిప్పితే స్పీడు పెరిగింది. అటూ ఇటూ తిప్పి తిప్పి చివరికి ఇంజిన్ ఆగకుండా నడిచేలా చేశాను. మొదట్లో స్క్రూలు ఎక్కడ ఉన్నాయో రాసుకోలేదు. ఎన్ని చుట్లు తిప్పానో లెక్కపెట్టలేదు. ఇంజిన్ మాత్రం డ్రమ్ములో పాట పాడినట్టు నడిచింది. నేను సెల్ఫీ కూడా తీసుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున బాబాయ్, ఇంకో ఇద్దరు వేటకు వెళ్లారు. ఫుల్ స్పీడులో వెళ్లేంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. వల వేయడానికి స్లో చేయగానే ఇంజిన్ ఆగిపోయింది. తాడు లాగారు, స్టార్టయింది. గేర్ వేయగానే మళ్లీ ఆగిపోయింది. అలా తాడు లాగీ లాగీ చేతులు బొబ్బలెక్కాయి. అటుగా వస్తున్న మరో బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ రోజు సముద్రం ప్రశాంతంగా ఉంది కాబట్టి సరిపోయింది. పెట్రోలు, ఐసు, ఒక రోజు వేట పోయాయి. గాలి తిరిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించడం ఇష్టం ఉండదు.

బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది. ఇంజిన్‌ను భుజాన వేసుకుని హార్బర్ దగ్గరి ఓ షెడ్డుకు తీసుకెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను.

సీసాలో దొరికిన నిజం

అక్కడి మేస్త్రి చదువుకున్నది తక్కువే. ఇంజిన్ల మీద చేయి తిరిగిన మనిషి. నేను చేసిందంతా విని ఆయన అన్న మొదటి మాట: ‘‘స్క్రూ మీద సెయ్యెందుకు ఎల్లింది ముందు? ఆ స్క్రూ దానంతటది తిరగదు గదా. నిన్నటిదాకా నడిసిన ఇంజిను ఇయ్యాల ఆగిందంటే ఇంకేటో మారింది. మారిందేటో ఎతుకు. స్క్రూ ఆఖర్న తిప్పాలి.’’

తర్వాత ఆయన కార్బొరేటర్ కింద ఉండే గిన్నెలాంటి భాగం, అదే ఫ్లోట్ బౌల్, దాని డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అందులోని పెట్రోల్‌ను ఓ గాజు సీసాలోకి పట్టాడు. సీసాను వెలుతురుకు పెట్టి చూపించాడు. అడుగున నీటి బొట్లు గుండ్రంగా దొర్లుతున్నాయి. పెట్రోల్ నీటి కంటే తేలిక కాబట్టి నీరు అడుక్కి చేరుతుంది. జెట్‌లు పెట్రోల్‌ను తాగేది కూడా ఆ అడుగు నుంచే.

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ట్యాంకు నుంచి. ట్యాంకులోకి ఎలా వచ్చాయి? మూత కింద రబ్బరు వాషరు చిరిగిపోయింది. అలలు ఎగిరినప్పుడల్లా తుంపర లోపలికి దిగుతోంది. ఆ నీళ్లు, మురికి కలిసి స్లో జెట్‌ను సగం మూసేశాయి. అసలు జబ్బు ఓ చిన్న రబ్బరు వాషరు! నేను దానికి స్క్రూతో వైద్యం చేశాను.

ఇంటర్వ్యూలో పెద్దాయన అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. ‘ఏం చూస్తావ్’ అనేది ‘ఏం చేస్తావ్’ కంటే ముందు రావాలి.

లోపల జరిగేదేంటి?

సిలబస్‌లో ఉన్నదే, ఒక్కసారి బోటు మీద పెట్టి చూద్దాం. గొట్టం సన్నబడిన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రవాహాల మీద పుస్తకం ప్రచురించాడు. ఇటలీకి చెందిన వెంచురి 1797లో సన్నబడిన గొట్టాల మీద తన ప్రయోగాలను ప్రకటించాడు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అవుట్‌బోర్డ్ మోటార్లు అమ్మడం మొదలుపెట్టాడు. మీ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చే వెంచురీయే బోటు వెనకాల కూర్చుని పెట్రోల్‌ను పైకి లాగుతుంది.

కార్బొరేటర్‌లో మూడు దారులున్నాయని గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

మొదటిది చోక్. చల్లగా ఉన్న ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు. అందుకే స్టార్టింగ్ సమయంలో గాలి తగ్గించి పెట్రోల్ పాళ్లు పెంచుతాం.

రెండోది స్లో సర్క్యూట్. థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు పెట్రోల్ ఈ సన్నని దారి నుంచే వస్తుంది. దీన్ని నియంత్రించేది స్లో జెట్, దాని పక్కన ఉండే మిశ్రమం స్క్రూ.

మూడోది మెయిన్ సర్క్యూట్. థ్రాటిల్ బాగా తెరిచాక మెయిన్ జెట్ పని చేస్తుంది.

బాబాయ్ బోటు ఫుల్ స్పీడులో బాగా వెళ్లి, స్లో చేస్తే ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది కదా? మెయిన్ జెట్ బాగుంది, స్లో జెట్ మూసుకుపోయింది. లక్షణం సరిగ్గా వింటే జబ్బు ఏ దారిలో ఉందో విప్పకుండానే తెలుస్తుంది.

పుస్తకంలో గాలి-పెట్రోల్ నిష్పత్తి బరువు లెక్కన 14.7:1 అని చదువుకున్నాం. పెట్రోల్ తక్కువైతే లీన్, ఎక్కువైతే రిచ్. ఆయిల్‌ను పెట్రోల్‌లోనే కలిపే టూ స్ట్రోక్ ఇంజిన్‌లో లీన్ చాలా ప్రమాదం. 50:1 పాళ్లలో కలపాల్సిన ఇంజిన్ అయితే 10 లీటర్ల పెట్రోల్‌కు 200 మిల్లీలీటర్ల ఆయిల్ పోస్తాం. పిస్టన్‌కు నూనె అందేది ఆ పెట్రోల్‌తోనే. పెట్రోల్ తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. పెట్రోల్ మిగులుతుందని మెయిన్ జెట్ చిన్నది వేస్తే ఇంజిన్‌నే పోగొట్టుకుంటాం.

స్క్రూ ముట్టుకునే ముందు..

మేస్త్రి షెడ్డులో నేను రాసుకున్న వరుస ఇది. తేలికైనవి ముందు, కష్టమైనవి తర్వాత.

1. ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం తెరిచి ఉందా? మూసి ఉంటే ట్యాంకులో శూన్యం ఏర్పడి, కాసేపు నడిచాక ఇంజిన్ ఆగిపోతుంది. మూత వదులు చేస్తే మళ్లీ నడుస్తుంది. దీన్ని కార్బొరేటర్ తప్పుగా అనుకునేవాళ్లు చాలామంది.

2. పెట్రోల్ పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బును నొక్కితే గట్టిపడుతోందా? ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లీకు లేదా వాల్వు పాడైంది. ఇంజిన్ నడుస్తుండగా బల్బు అతుక్కుపోతే ట్యాంకు వైపు ఏదో అడ్డం పడింది.

3. ఫిల్టర్‌లో, బౌల్‌లో నీళ్లున్నాయా? గాజు సీసా పరీక్షకు రెండు నిమిషాలు చాలు.

4. స్పార్క్ ప్లగ్ ఏ రంగులో ఉంది? లేత గోధుమ రంగు అయితే మంచిది. నల్లగా తడిగా ఉంటే రిచ్ కావచ్చు, స్పార్క్ బలహీనం కావచ్చు. తెల్లగా కాలినట్టుంటే లీన్ అని అనుమానించాలి.

5. రెండు సిలిండర్ల ఇంజిన్ అయితే కంప్రెషన్ సమానంగా ఉందా? తేడా 10 శాతం దాటితే మెకానిక్‌లు ఇంజిన్ లోపలి అరుగుదలను అనుమానిస్తారు. అరిగిన ఇంజిన్‌ను ఏ స్క్రూ బాగు చేయలేదు.

6. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే గాస్కెట్ బాగుందా? అక్కడ గాలి లాగితే ఎన్నిసార్లు ట్యూనింగ్ చేసినా నిలబడదు.

ఇవన్నీ అయ్యాకే విప్పాలి. విప్పే ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. మిశ్రమం స్క్రూను మెల్లగా లోపలికి బిగిస్తూ, తాకేదాకా ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి రాసుకోండి. అదే మీ పాత సెట్టింగ్. వెనక్కి వెళ్లడానికి దారి అది ఒక్కటే. గట్టిగా బిగిస్తే దాని సూది మొనకు గాడి పడుతుంది. అలాంటి స్క్రూతో ఇంకెప్పటికీ సరైన సెట్టింగ్ రాదు.

జెట్‌లను కార్బొరేటర్ క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయాలి. తీగ పెట్టి పొడవొద్దు. ఆ రంధ్రం మిల్లీమీటరులో చిన్న వంతు. కొంచెం గీరుకున్నా కొలత మారిపోతుంది. ఫ్లోట్ ఎత్తు మాన్యువల్‌లో చెప్పినట్టు ఉందో లేదో, దాని సూది మొన అరిగిందో లేదో చూసి మళ్లీ బిగించాలి.

ఇప్పుడు స్క్రూ..

ముందు జాగ్రత్తలు. నీళ్లు లేకుండా అవుట్‌బోర్డ్ ఇంజిన్‌ను నడపకూడదు. లోపల నీటిని తోడే రబ్బరు ఇంపెల్లర్ పొడిగా తిరిగితే త్వరగా పాడవుతుంది. చల్లబరిచే నీటి ధార బయటికి వస్తోందో లేదో చూడాలి. పెట్రోల్ ఆవిరి ఉన్నచోట బీడీ, సిగరెట్ వద్దు. ప్రొపెల్లర్ దగ్గర మనుషులు ఉండకూడదు. ఇంజిన్ ఆపే తాడు ఉంటే అది చేతికి తగిలించుకోవాలి.

తర్వాత వరుస ఇలా.

బోటును జెట్టీకి గట్టిగా కట్టి, ఇంజిన్‌ను 5 నుంచి 10 నిమిషాలు నడిపి వేడెక్కనివ్వాలి. చోక్ పూర్తిగా తీసేయాలి. చల్లటి ఇంజిన్ మీద చేసిన ట్యూనింగ్ వేడెక్కాక పనికిరాదు.

మిశ్రమం స్క్రూ మాన్యువల్‌లో ఇచ్చినన్ని చుట్లు వెనక్కి ఉండాలి. చాలా ఇంజిన్లలో ఇది ఒకటి నుంచి రెండు చుట్ల మధ్య ఉంటుంది. ఇక్కడే ఓ చిక్కుంది. కొన్ని కార్బొరేటర్లలో ఆ స్క్రూ పెట్రోల్‌ను నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే లీన్. మరికొన్నింటిలో గాలిని నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే రిచ్. ఏదో తెలియకుండా తిప్పితే నాలాగే అవుతుంది. ఇంటర్వ్యూలో ‘ఎటువైపు’ అని ఆయన అడిగింది ఇందుకే.

ముందు గేర్ వేసి, అతి తక్కువ స్పీడులో పెట్టాలి. స్క్రూను ఒకేసారి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి, పది పదిహేను సెకన్లు ఆగి వినాలి. లీన్ వైపు వెళ్లేకొద్దీ ఇంజిన్ తుమ్మినట్టు చేసి ఆగబోతుంది. రిచ్ వైపు వెళ్లేకొద్దీ గుడగుడలాడి పొగ వదులుతుంది. ఈ రెండు హద్దులూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుని మధ్యలోకి తేవాలి. అక్కడి నుంచి కొంచెం రిచ్ వైపు వదిలేయాలి.

ఇప్పుడు థ్రాటిల్ చటుక్కున తెరిచి చూడాలి. తడబడితే ఇంకో ఎనిమిదో వంతు రిచ్ చేయాలి. అది కుదిరాక, అన్నిటికంటే చివర్లో స్లో స్పీడు స్క్రూతో మాన్యువల్‌లో ఇచ్చిన స్పీడుకు తేవాలి. ఆగిపోతోందని ఈ స్క్రూనే ముందు బిగించి స్పీడు పెంచేస్తే జబ్బు కనిపించదు. గేర్ మాత్రం ‘ఠక్’మని పడి, లోపలి పళ్లు దెబ్బతింటాయి. ఒకటి కంటే ఎక్కువ కార్బొరేటర్లు ఉంటే, అవన్నీ ఒకేసారి తెరుచుకునేలా ముందు లింకులు సరిచేసుకోవాలి.

నా తప్పు ఎక్కడ జరిగిందో చూశారా? నేను డ్రమ్ములో, గేర్ వేయకుండా ట్యూన్ చేశాను. డ్రమ్ములో ప్రొపెల్లర్‌కు లోడు లేదు. సముద్రంలో గేర్ వేయగానే లోడు పడింది. నేను వదిలిన లీన్ మిశ్రమం ఆ లోడును మోయలేకపోయింది. పని చేయాల్సిన చోట, పని చేయాల్సిన లోడుతో టెస్ట్ చేయకపోతే అది టెస్టే కాదు. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన మిత్రులు ఈ మాట వింటే ‘మా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది’ అన్న జోక్ గుర్తు చేసుకుంటారు. రెండూ ఒకటే.

పోయే టెక్నాలజీ ఎందుకు నేర్చుకోవాలి?

న్యాయమైన ప్రశ్న. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యుయెల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. కొత్త అవుట్‌బోర్డ్ ఇంజిన్లలోనూ పెద్దవాటిలో ఇంజెక్షనే ఎక్కువ. ‘కార్బొరేటర్ ట్యూనర్ కావలెను’ అని ఏ నోటిఫికేషనూ రాదు. అది మీకు నిజాయతీగా చెప్పాలి.

కానీ పని మారలేదు, పని చేసే వస్తువు మారింది. జెట్ చేసే పని ఇప్పుడు ఇంజెక్టర్ చేస్తోంది. చోక్ పని టెంపరేచర్ సెన్సర్ చూసి ఈసీయూ చేస్తోంది. మేస్త్రి చెవితో, ప్లగ్ రంగుతో కనిపెట్టేది ఆక్సిజన్ సెన్సర్ కనిపెడుతోంది. స్లో స్పీడు స్క్రూ స్థానంలో చిన్న వాల్వు వచ్చింది. కార్బొరేటర్ చేత్తో పట్టుకుని అర్థం చేసుకున్నవాడికి స్కానర్‌లో ‘సిస్టమ్ టూ లీన్’ అని కోడ్ వస్తే సెన్సర్ మార్చేయాలనే తొందర ఉండదు. గాలి ఎక్కడైనా లీకవుతోందా, పెట్రోల్ సరిగ్గా అందుతోందా అని ముందు చూస్తాడు.

పైగా పాత ఇంజిన్లు ఒక్కరోజులో మాయం కావు. వాటికి కొత్త సమస్యా వచ్చింది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ దొరుకుతోంది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగున వేరుపడతాయి. పాతకాలపు రబ్బరు భాగాలకూ ఇథనాల్ పడదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు ట్యాంకులో, బౌల్‌లో పెట్రోల్ వదిలేసిన ఇంజిన్ జూన్ 15న స్టార్ట్ కాకపోతే ఆశ్చర్యం లేదు. పక్కన పెట్టే ముందు బౌల్ ఖాళీ చేయడం చాలా చిన్న పని, చాలా పెద్ద లాభం.

విశాఖలో దారులు

మెకానికల్ చదివి ‘కోర్ జాబ్స్ లేవు’ అనుకుంటూ హైదరాబాద్, బెంగళూరు బస్సులే చూస్తుంటాం. మన ఊరిని ఒకసారి చూడండి. 1933 నుంచి నడుస్తున్న పోర్టు, 1941లో శంకుస్థాపన జరిగిన షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, ఫిషింగ్ హార్బర్. అన్నిచోట్లా ఇంజిన్లు, పంపులు, వాటికి వచ్చే జబ్బులు ఉన్నాయి.

పదో తరగతితో: సిఫ్‌నెట్, అంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ నాటికల్ అండ్ ఇంజినీరింగ్ ట్రైనింగ్. ప్రధాన కేంద్రం కొచ్చిలో ఉంది. విశాఖలోనూ యూనిట్ ఉంది. మెరైన్ ఫిట్టర్, వెసల్ నేవిగేటర్ కోర్సులు ఇక్కడ రెండేళ్లు. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే చెప్పండి.

ఐటీఐతో: విశాఖలోని నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిసెస్ స్కూల్ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఇంజిన్, ఫిట్టింగ్, ఎలక్ట్రికల్ ట్రేడ్‌లు ఉంటాయి.

డిప్లొమాతో: కోస్ట్ గార్డ్‌లో యాంత్రిక్ పోస్టులకు మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లు పోటీ పడవచ్చు.

డిప్లొమా, బీటెక్‌తో: నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే ప్రభుత్వ రంగ సంస్థల్లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. స్టైపెండ్ వస్తుంది. ఉద్యోగం గ్యారంటీ కాదు, పని మాత్రం చేతికి వస్తుంది. పాసై ఎన్నేళ్లు అయిందన్నది చూస్తారు కాబట్టి ఆలస్యం చేయొద్దు.

మెకానికల్ బీటెక్ తర్వాత సముద్రం మీదికి: గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ కోర్సు. సుమారు ఏడాది శిక్షణ తర్వాత ఓడ ఇంజిన్ రూమ్‌లో జూనియర్‌గా మొదలవుతుంది. కంటిచూపు, ఆరోగ్య పరీక్షలు కచ్చితంగా ఉంటాయి. ఇందులో మోసాలూ ఎక్కువే. ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదం ఉందా, ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకు ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందా అన్నది ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే చూసుకున్నాకే రూపాయి కట్టండి.

వయసు, మార్కుల అర్హతలు నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మారుతుంటాయి. అధికారిక ప్రకటన చదవకుండా వాట్సాప్ ఫార్వర్డ్‌ను నమ్మొద్దు.

ఇంటర్వ్యూలో ఎలా పనికొచ్చింది?

ఆ తర్వాత నెల రోజులు మేస్త్రి షెడ్డుకు రోజూ వెళ్లాను. జీతం లేదు, టీ ఉండేది. మొదటి వారం జెట్‌లు కడగడమే. ఓ వంద పేజీల నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి ఇంజిన్‌కూ ఐదు లైన్లు రాసేవాడిని. ఏం ఫిర్యాదు? ఏం చూశాం? ఏం దొరికింది? ఏం మార్చాం? మార్చాక ఏమైంది? మేస్త్రి మొదట్లో నవ్వేవాడు. ఓసారి, పది రోజుల కిందట వచ్చిన ఇంజిన్ మళ్లీ వస్తే, ‘‘బుక్కు తియ్యి, అప్పుడేటి సేసేమో సూడు’’ అన్నాడు. నాకు వచ్చిన మొదటి ప్రమోషన్ అదే అనుకుంటాను.

కొన్నాళ్లకు జనరేటర్లు సర్వీస్ చేసే ఓ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాను. ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అన్నారు. నలుగురం కలిసి చేసిన కాలేజీ ప్రాజెక్టు గురించి రెండు ముక్కలు చెప్పి, నేను చెడగొట్టిన బోటు గురించి చెప్పాను. సీసాలో నీళ్లు, చిరిగిన వాషరు, డ్రమ్ముకూ సముద్రానికీ తేడా. నోట్‌బుక్ చూపించాను. మిగతా టైమంతా దాని మీదే ప్రశ్నలు. కొన్నిటికి ‘తెలియదు సార్, కానీ ఇలా చూస్తాను’ అన్నాను. ట్రైనీగా తీసుకున్నారు. జీతం పెద్దదేం కాదు. ఇప్పుడు నేను టెక్ బ్లాగ్ రాసుకుంటున్నా, సమస్య ఏదైనా ఆ ఐదు లైన్లతోనే మొదలుపెడతాను.

మీరూ ఇలా ప్రయత్నించండి.

* నెలకు ఒక పాత వస్తువును విప్పండి. ఇంట్లో నీళ్ల మోటారైనా, తాతగారి స్కూటరైనా సరే. ముందు అడిగి విప్పండి!
* ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.
* మొదలుపెట్టిన చోటికి తిరిగి వెళ్లగలిగేలా రాసుకోండి, ఫొటో తీసుకోండి.
* ఇంటర్వ్యూలో మీరు బాగు చేసిందే కాదు, చెడగొట్టింది కూడా చెప్పండి. ఎందుకు చెడిందో మీకు తెలిసి ఉంటే చాలు.
* మీ ఊళ్లో చేయి తిరిగిన మేస్త్రి ఎవరైనా ఉంటే వెళ్లి అడగండి. ఇంజినీరింగ్ డిగ్రీని ఇంటి దగ్గర పెట్టి వెళ్తే ఇంకా త్వరగా నేర్పిస్తారు.

బాబాయ్ ఇంజిన్‌కు ఆ రోజు చేసిన రిపేరు ఏంటో తెలుసా? కొత్త రబ్బరు వాషరు, ట్యాంకు కడగడం, స్లో జెట్ శుభ్రం. ఆఖర్న స్క్రూ. అది కూడా నేను తిప్పిన చోటి నుంచి మాన్యువల్ చెప్పిన చోటికి వెనక్కి తేవడమే. జెట్టీకి కట్టి, గేర్ వేసి, స్లోలో పావుగంట నడిపాం. ఆగలేదు. మర్నాడు తెల్లవారుజామున బాబాయ్ వేటకు బయల్దేరుతూ నన్ను పిలిచాడు. ‘‘నువ్వూ ఎక్కు బాబూ. నువ్వు సేసిన ఇంజిను, నువ్వుండాల గదా’’ అన్నాడు.

ఎక్కాను. వల వేసే చోట ఆయన థ్రాటిల్ తగ్గిస్తుంటే నా ఊపిరి ఆగిపోయింది. ఇంజిన్ మాత్రం ఆగలేదు.